గడప పెట్టె

మా ఫ్లాట్ బాల్కనీలో వాషింగ్ మెషీన్ వెనకాల మూడేళ్ళపాటు ఒక గడప ఉండేది. గడప అంటే ఏదో పోలిక కాదండీ, నిజం గడపే. నాలుగడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం. గోనెపట్టాలో చుట్టి, తాడు బిగించి పెట్టాం. పనమ్మాయి ఒకసారి "ఏంటన్నా ఇది, ఇంత బరువుంది?" అనడిగితే "షెల్ఫ్ చేయిద్దామని" అన్నాను. ఆ గడప చుట్టూ మా ఇంట్లో చెప్పుకున్న అబద్ధాల్లో ఇదే అన్నిటికంటే చిన్నది.

అది కోనసీమలో మా ముత్తాత 1950ల్లో కట్టించిన పెంకుటింటి వీధి గుమ్మానిది. టేకు. అప్పట్లో ఏజెన్సీలో కొట్టిన కలపని తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవారు. అక్కడి అడితిలో కొని పడవలో తెచ్చారని మా తాతగారు చెప్పేవారు. 1996 నవంబరు తుఫాన్లో ఊళ్ళో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి, మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి, గుమ్మం మాత్రం అంగుళం కదల్లేదట. "అట" అని ఎందుకంటున్నానంటే అప్పటికి నేనింకా పుట్టలేదు.

నాకూ ఆ గడపకీ సొంత అనుబంధం మాత్రం 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది. ఆఫీసు వాళ్ళు ఇంటినుంచి పని చేసుకోమంటే నేను ఎంచక్కా ఊరెళ్ళిపోయాను. తీరా చూస్తే ఇల్లు మొత్తమ్మీద ఫోన్ సిగ్నల్ వచ్చేది ఒక్క వీధి గడప దగ్గరే! దాంతో రోజూ పదింటికి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గడప మీద సెటిలైపోయేవాణ్ణి. మా నాయనమ్మకి ప్రాణం పోయినంత పనయ్యేది. "ఒరేయ్, గడప మీద కూర్చోకూడదురా, లచ్చిం దేవి వచ్చే దారి" అని ఆవిడ, "ఒక్క ఐదు నిమిషాలు నాయనమ్మా, క్లయింటు లైన్లో ఉన్నాడు" అని నేను. చివరికి ఆవిడే రాజీకొచ్చి, శుక్రవారాలు మాత్రం పదిన్నర దాకా నన్ను అక్కడికి రానివ్వకుండా గడపకి పసుపు రాసి బొట్లు పెట్టుకునేది. ఊళ్ళో చాలామంది గడపలకి పసుపురంగు పెయింటు వేయించేసుకున్నారు, ఆ పని తప్పుతుందని. ఈవిడ ఒప్పుకోలేదు. 1962లో కుడికాలు పెట్టి ఆ గడప దాటి వచ్చిందట. అప్పట్నుంచీ లెక్కేసుకోండి, ఎన్ని శుక్రవారాలో.

2021లో నాయనమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. హైదరాబాదు తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాం. "రెండు నెలల్లో ఇంటికెళ్ళిపోదాం" అని తీసుకొచ్చాం. ఇది మొదటి అబద్ధం. కానీ చెప్పినప్పుడు అది అబద్ధమని మాక్కూడా తెలీదు.

2022లో నాన్నా, బాబాయీ ఇల్లు అమ్మేశారు. ఎవరూ ఉండని పెంకుటిల్లు ఏడాదిలో ఎలా అయిపోతుందో మీకు తెలుసుగా.. దూలాలకి చెద, గోడలకి రావిమొక్కలు. పైగా బాబాయికి డబ్బవసరం ఉంది. నాన్నకి అమ్మడం ఇష్టం లేదు, కానీ వాటా కొనే స్తోమతా లేదు. సంతకాలైతే పెట్టారు గానీ ఆ తర్వాత అన్నదమ్ముల మధ్య మాటలు పండగ శుభాకాంక్షల దాకా వచ్చి ఆగిపోయాయి. ఇద్దరూ ఏకాభిప్రాయానికొచ్చింది ఒక్క విషయంలోనే. అమ్మకి చెప్పొద్దు, తట్టుకోలేదు. మేమంతా తలూపాం. నేనూ ఊపాను.

కొన్నాయన ఇల్లు పడగొట్టిస్తున్నారని తెలిసి నాన్నా నేనూ వెళ్ళాం. పాత టేకుకి మంచి ధర కాబట్టి పడగొట్టేవాళ్ళు తలుపులూ, దూలాలూ అప్పటికే లారీకెత్తేశారు. గడప ఒక్కటీ మిగిలి ఉంది. నాన్న రెండువేలిచ్చి మా గడపని మేమే కొనుక్కున్నారు. బేరం కూడా ఆడలేదు. కూరగాయల దగ్గర అర్ధరూపాయికి పోట్లాడే మనిషి! దాదాపు పన్నెండు కేజీల ఆ దుంగని బస్సు డిక్కీలో వేసుకుని తెచ్చి, నాయనమ్మ నిద్రపోయాక బాల్కనీలో దాచాం.

ఆ తర్వాత మూడేళ్ళు ప్రతి సంక్రాంతికీ నాయనమ్మ "పెంకు నేయించారా?" అని అడగటం, "మేస్త్రీ దొరకట్లేదమ్మా" అని నాన్న చెప్పటం.

2025 జులైలో ఆవిడకి సహస్ర చంద్ర దర్శనం చేద్దామనుకున్నారు. వెయ్యి పున్నములు చూసినవాళ్ళకి చేసే వేడుక. (పున్నమికీ పున్నమికీ మధ్య 29.53 రోజులు. వెయ్యితో గుణిస్తే ఎనభై ఏళ్ళ పది నెలలు దాకా వస్తుంది. కాలిక్యులేటర్ తీశాను, అలవాటు :) ) అందరూ పట్టుచీరలూ వెండి గిన్నెలూ అనుకుంటుంటే నాకు మాత్రం ఒక గొప్ప ఐడియా వచ్చింది. ఆ గడప కోయించి, నా చేత్తో చిన్న పెట్టె చేసి ఇస్తే? ఆవిడ తనకి అపురూపమైనవేవో దాచుకుంటుంది కదా!

గడపతో చేసిన పెట్టె చూస్తే ఆ గడప ఏమైందని అడుగుతుందన్న చిన్న సంగతి నాకు వెంటనే తట్టలేదు. నాన్నకి తట్టింది. "కొట్లో కొన్న కర్ర అని చెప్పు" అన్నారు. సరే అన్నాను. ఇంకొక అబద్ధం. అప్పటికే లెక్క తప్పాం కదా.

అమ్మ బాధ వేరు. "గడప మీద రంపం పెడతావా? అరిష్టంరా!" అంది. "మూడేళ్ళ నుంచీ వాషింగ్ మెషీన్ వెనకాల ఉంది, అంతకంటే అరిష్టం ఏముంటుందే" అన్నాను. కాసేపు ఆలోచించి, ఒక మంచి రోజు చూసి, పసుపూ కుంకుమా పెట్టి పంపించింది.

కోత మిల్లాయన గడపని చూడగానే అడ్డంగా తలూపేశాడు. పాత కర్రలో మేకులుంటాయట, ఒక్క మేకు తగిలినా బ్లేడు గోవిందా. ఇక్కడ మన చదువు కొంచెం పనికొచ్చింది. పాడైపోయిన హార్డ్ డిస్కులు విప్పితే లోపల చిన్నవే గానీ మహా గట్టి అయస్కాంతాలుంటాయి. ఒకదాన్ని దారానికి కట్టి గడప పొడవునా వేలాడదీస్తూ పోయాను. అది లాగిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు. మొత్తం ఏడు మేకులు దొరికాయి. అందులో ఒకటి గుమ్మానికి కట్టే మామిడాకుల దండ కొస కట్టుకోవడానికి కొట్టింది. అది నాకు గుర్తే.

మేకులు పీకి మళ్ళీ తీసుకెళితే నాలుగు పలకలుగా కోసిచ్చాడు. మొదటి పలక కిందకి జారినప్పుడు చూడాలి.. పైకి నల్లగా, బూజు పట్టినట్టున్న కర్ర లోపల తేనెరంగులో మెరుస్తోంది. తోలు వాసనలాంటి టేకు వాసన డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా గుప్పుమంది. "చేవ సార్, మొత్తం చేవే. ఇప్పుడిలాంటిది రాదు" అన్నాడాయన. టేకులో సహజంగా నూనె ఉంటుంది. చెదని దూరంగా ఉంచేది అలాంటివే. ఇసకలో ఉండే సిలికా కూడా ఉంటుంది. ఉలి పదును అరగంటకోసారి చచ్చిపోయేది అందుకే.

ఇక నా వడ్రంగం సంగతి. రంపంతో కోసే చోట కంట్రోల్ జెడ్ లేదు అని రాస్తానని మీరు ఎదురుచూస్తున్నారు కదా. రాయను. ఎందుకంటే నేను ముందు చెత్త కర్ర మీద నేర్చుకున్నాను :) మా అపార్ట్‌మెంట్లో వార్డ్‌రోబులు చేసే మేస్త్రీని బతిమాలితే ఆదివారాలు గంటసేపు నేర్పాడు. వీడియోల్లో చూసి, మూలల్లో పావురం తోకల్లా ఒకదాన్లో ఒకటి ఇమిడే అతుకులు వేద్దామని నా ప్లాను. మూడు ఆదివారాలు పోయాక, నా తోకల మధ్య వేలు పట్టేంత సందులు చూసి మేస్త్రీ "సార్, మామూలుగా అతికించి వెదురు చీలలు కొట్టుకుందాం" అన్నాడు. పాత సామాన్లలో ఇనప మేకులకి బదులు అవే వాడేవారట. ఆయనకి చిత్రిక పట్టడం వాళ్ళ నాన్న నేర్పాడు. "ప్లైవుడ్ వచ్చాక దీంతో పనేముంది సార్, మా అబ్బాయికి పట్టుకోవడం కూడా రాదు" అన్నాడు చిత్రికకి పదును పెడుతూ. నాకు మాత్రం నేర్పాడు. చిత్రిక సరిగ్గా పడితే కర్ర మీద నుంచి చేతిలోకి పల్చటి రిబ్బన్ చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. నెలకోసారి వస్తే అదే గొప్ప :)

మీలో ఎవరైనా పాత టేకుతో పని చేద్దామనుకుంటే రెండు ముక్కలు చెప్తాను. ఒకటి, నూనె వల్ల ఫెవికాల్ సరిగ్గా పట్టదు. అతికించే ముందు థిన్నర్‌తో తుడిచి, ఆరగానే జిగురు రాయాలి. రెండోది పాలిష్ గురించి. ఇది నేను దాదాపు చెడగొట్టబోయాను.

గడప పైభాగం నడిమధ్యలో అరంగుళం లోతున అరిగి ఉంది. డెబ్భై ఏళ్ళ కాళ్ళు. ఆ గుంట అంచుల్లో, పగుళ్ళలో పసుపు ఇంకిపోయి ఉంది. ఆ ముక్కని చిత్రిక పట్టకుండా అలాగే మూతకి వాడాలని మొదట్నుంచీ అనుకున్నాను. మిగతా పెట్టెకి లక్క పాలిష్ వేస్తున్నా కదా, మూతకి కూడా వేద్దామని, అదృష్టం బాగుండి ముందు ఒక తునక మీద వేసి చూశాను. గుడ్డంతా పసుపు! లక్కని కరిగించేది స్పిరిట్‌లో. పసుపుకి రంగునిచ్చే కర్కుమిన్ నీళ్ళలో పెద్దగా కరగదు గానీ స్పిరిట్‌లో హాయిగా కరుగుతుంది. మా నాయనమ్మ అరవయ్యేళ్ళు రాసింది నేను ఐదు నిమిషాల్లో తుడిచేసేవాణ్ణి. మూతకి పాలిష్ మానేసి తేనెమైనం పల్చగా రుద్దాను. ఎండకి కూడా ఆ రంగు వెలిసిపోతుంది కాబట్టి పెట్టెని కిటికీకి దూరంగా పెట్టుకోవాలి.

మే నెలాఖరుకి పెట్టె పూర్తయింది. పదకొండంగుళాల పొడవు, ఆరున్నర వెడల్పు, నాలుగు ఎత్తు. మూత లోపలికి దిగి కూర్చునే రకం. చుట్టూ అర మిల్లీమీటరు సందు, గాలి కూడా దూరనంత. ఎంత మురిసిపోయానంటే రాత్రుళ్ళు లేచి మూత తీసి పెట్టేవాణ్ణి.

వేడుక రోజు రానే వచ్చింది. బాబాయి వాళ్ళు కూడా వచ్చారు. అన్నదమ్ములిద్దరూ "ప్రయాణం బాగా జరిగిందా", "బాగానే జరిగింది" అనుకున్నారు. బంధువులంతా భోజనాలు చేసి వెళ్ళాక, ఇంట్లోవాళ్ళం మాత్రమే మిగిలినప్పుడు పెట్టె తెచ్చి నాయనమ్మ ఒళ్ళో పెట్టాను.

"నువ్వు చేశావా? నిజంగా?" అని ఆవిడ మూత తీయబోయింది. రాలేదు. నేను లాగాను. రాలేదు. నాన్న, బాబాయి, మా తమ్ముడు.. ఊహూ.

ఇక్కడ చిన్న విరామం ఇచ్చి ఏం జరిగిందో చెప్తాను. కర్ర చచ్చాక కూడా గాలిలోని తేమని పీల్చుకుంటూ వదుల్తూ ఉంటుంది. పొడవులో మారదు, అడ్డంగా మారుతుంది. టేకు ఈ విషయంలో చాలా బుద్ధిమంతురాలు, అయినా కర్ర కర్రే. దాన్లో తేమ నాలుగైదు శాతం పెరిగితే నా ఐదున్నర అంగుళాల మూత ఒక మిల్లీమీటరు దాకా ఉబ్బుతుంది. నేను మే ఎండల్లో టెస్టింగ్ చేసి, జులై వానల్లో ప్రొడక్షన్‌లో పెట్టాను. ఎవడైనా జూనియర్ ఈ పని చేస్తే క్లాసు పీకేవాణ్ణి.

అందరం నవ్వుతున్నాం. నాయనమ్మ నవ్వట్లేదు. మూత మీద గుంటలో బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాస్తోంది. తర్వాత పెట్టెని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వానాకాలం మన వీధి తలుపూ ఇంతే. భుజం పెట్టి తోస్తే గానీ వచ్చేది కాదు" అంది. ఎవరం మాట్లాడలేదు.

"ఇది మన గడప కదూ?"

నేను నాన్న వైపు చూశాను. కొట్లో కొన్నాం అనాలి. నోరు రాలేదు.

"గడప ఊడదీశారంటే.. ఇల్లు లేదన్నమాట. ఎప్పుడు?"

"మూడేళ్ళయిందమ్మా" అన్నారు నాన్న.

ఆవిడ ఇద్దరు కొడుకుల్నీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ కలిసే దాచారన్నమాట. పోన్లే, ఆ ఒక్క పనైనా కలిసి చేశారు."

బాబాయి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. నాన్న ఏదో చెప్పబోయారు, ఆపరేషన్ అయిందనీ, డాక్టరు కంగారు పెట్టొద్దన్నాడనీ. ఆవిడ విన్నది. తర్వాత చాలా మామూలుగా అంది: "అమ్మినందుకేం లేదురా. నాకు తెలీదా, అందులో ఎవరుంటారు? అడిగుంటే నేనే అమ్మేయండ్రా అనేదాన్ని. ఒకసారి తీసుకెళ్ళమనేదాన్ని, అంతే. గడపకి పసుపు రాసి, దణ్ణం పెట్టుకుని వచ్చేదాన్ని. చుట్టం చూపుగా బయల్దేరిన దాన్నే, ఇంటికి చెప్పి రాలేదు."

ఆ తర్వాత రెండ్రోజులు నాన్నతో మాట్లాడలేదు. నాతో కూడా అంతంతమాత్రమే. నాకు కోపం వచ్చింది మొదట. మూణ్ణెల్ల కష్టం, చేతికి నాలుగు బ్యాండేజీలు, దాని ఫలితం ఇదా అని. తర్వాత నిదానంగా అర్థమైంది. నేను ఆవిడ కోసం చేశాననుకున్నాను గానీ, ఆవిడని అడగాలని నాకూ తోచలేదు. ఇల్లు అమ్మేటప్పుడు నాన్న చేసిన పనే పెట్టె చేసేటప్పుడు నేనూ చేశాను. మన భాషలో దాచుకోవడానికీ, దాచేయడానికీ మధ్య ఒక్క అక్షరమో రెండో తేడా. పెద్దవాళ్ళ విషయంలో మనం రెండోది చేస్తూ మొదటిది చేస్తున్నామనుకుంటాం. బీపీ పెరుగుతుంది, తట్టుకోలేరు, ఎందుకు బాధపెట్టడం.. అన్నీ ప్రేమతోనే అంటాం. కానీ ఆవిడ పద్దెనిమిదేళ్ళకి ఊరు మారింది, తుఫాన్లు చూసింది, భర్తని సాగనంపింది. తట్టుకోలేనిది ఆవిడ కాదు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఆ మాట చెప్పాల్సి రావడం మేం తట్టుకోలేకపోయాం.

మూడో రోజు పొద్దున్నే నన్ను పిలిచింది.

"మిగతా కర్రేం చేశావు?"

"ఉంది నాయనమ్మా. ఇంకో పెట్టెకి సరిపోతుంది."

"అయితే ఇంకోటి చెయ్యి, మీ బాబాయికి. గడప ఇద్దరిదీనూ. ఆ మూత మాత్రం కాస్త వదులుగా పెట్టి చావు."

ముందు ఆవిడ పెట్టె మూతనే ఒక మిల్లీమీటరు చిత్రిక పట్టాను. రెండో పెట్టె దసరాకి పూర్తయింది. దాన్ని ఇవ్వడానికి నాన్నే వెళ్ళారు, కొరియర్ చేద్దామంటే వద్దని. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. సాయంత్రానికి వచ్చేస్తానన్న మనిషి మర్నాడు వచ్చారు. అంతకుమించి అడగలేదు.

ఇంతకీ నాయనమ్మ ఆ పెట్టెలో ఏం దాచుకుందో చెప్పలేదు కదూ. పాత ఉత్తరాలో, తాతగారి వాచీయో అని నేనూ ఆశగా చూశాను. బీపీ మాత్రలు, చెవి మిషను బ్యాటరీలు, ఆధార్ కార్డు, ఒక అరటిపండు ఆకారం క్లిప్పు. శుక్రవారం శుక్రవారం మాత్రం మాత్రలన్నీ బయట పెట్టి, మూత మీద గుంటలో కాస్త పసుపు రాస్తుంది. మైనం మీద అది సరిగ్గా పట్టదు. "ఇదేం పూతరా, పసుపు నిలవట్లేదు" అని తిడుతుంది. మైనం తీసేయాలి, ఈ ఆదివారం.

మీ ఊళ్ళో ఇల్లు పడగొట్టే రోజు వస్తే, లారీ ఎక్కక ముందే వెళ్ళి ఒక చెక్కముక్కైనా తెచ్చుకోండి. గడపో, తలుపు గడియో, ఏదో ఒకటి. కానీ అంతకంటే ముందు, ఆ ఇంట్లో కాపురం చేసిన మనిషి బతికుంటే, వాళ్ళని ఒకసారి అక్కడికి తీసుకెళ్ళండి. కర్ర మూడేళ్ళు బాల్కనీలో ఆగుతుంది.